మామ చొక్కా, అత్త బొంత

చలికాలం వచ్చింది. ఇంట్లో పాత బొంత చిరిగిపోయింది. కొత్తది కుట్టాలి.

కోడలు పాత బట్టల మూట విప్పింది. నూలు చీరలు ఉన్నాయి. ఒక తెల్ల పంచె ఉంది. పిల్లల గౌన్లు, లంగాలు ఉన్నాయి.

“అత్తా, పెట్టెలో మామ నీలం చొక్కా ఉంది కదా. అది కూడా తియ్యనా?” అని అడిగింది.

అత్త ముఖం చిన్నబోయింది. “దాన్ని ముట్టుకోకు. ఆయన గుర్తుగా అదొక్కటే మిగిలింది. దానికి కత్తెర పెట్టడానికి నాకు చేతులు రావు” అంది.

కోడలు మరి మాట్లాడలేదు. రాత్రి అన్నాలు తిన్నాక, చదువు కేంద్రంలో చదివిన పాఠం అత్తకు చెప్పింది.

ఒక పల్లె కథ

అమెరికా దేశంలో అలబామా అనే రాష్ట్రం ఉంది. అక్కడ నది వంపులో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడ ఉండేది నల్లజాతి వాళ్లు. వాళ్ల తాతముత్తాతలు పత్తి చేలల్లో బానిసలుగా పని చేశారు.

అక్కడి ఆడవాళ్లకు కొత్త గుడ్డ కొనే శక్తి లేదు. చలికి బొంతే దిక్కు. పొలానికి వేసుకుపోయి చిరిగిన ప్యాంట్లు, చొక్కాలతోనే బొంతలు కుట్టారు. మోకాలి దగ్గర రంగు వెలిసిన ముక్కను కూడా పారెయ్యలేదు. ఎవరి బొంత వారిదే. ఒకరి బొంతలాగా ఇంకొకరిది ఉండదు.

వాళ్లలో మిస్సోరీ పెట్‌వే అనే ఆమె ఉండేది. ఆమె భర్త చనిపోయాడు. 1942లో ఆమె ఆయన పనిబట్టలతో బొంత కుట్టింది. ఆయన్ను తలుచుకుంటూ అది కప్పుకోవాలని ఆమె కోరిక.

1966లో ఆ ప్రాంతం ఆడవాళ్లు సంఘం పెట్టుకున్నారు. బొంతలు కుట్టి అమ్మారు. 2002లో హ్యూస్టన్ నగరంలోని మ్యూజియంలో జీస్ బెండ్ బొంతలను గోడలకు వేలాడదీశారు. జనం వచ్చి చూశారు. 2006లో ఆ బొంతల బొమ్మలతో అమెరికా తపాలా బిళ్లలు వచ్చాయి.

అత్త అంతా విన్నది. ఏమీ అనలేదు. తెల్లవారి తనే పెట్టె తెరిచింది. నీలం చొక్కా బయటికి తీసింది.

“ముక్కలు నేనే కోస్తాను” అంది.

ముందు లెక్క, తర్వాత కత్తెర

బొంత పొడవు 8 జానలు. వెడల్పు 6 జానలు. ఒక్కో ముక్క ఒక జాన. 8 × 6 = 48 ముక్కలు కావాలి.

జాన అంటే సుమారు 9 అంగుళాలు. కుట్టులోకి అన్ని పక్కలా అర అంగుళం పోతుంది. అందుకని 10 అంగుళాల అట్టముక్క కోసుకున్నారు. దాన్ని గుడ్డమీద పెట్టి గీత గీశారు. అప్పుడు ముక్కలన్నీ ఒకే కొలతకు వచ్చాయి.

చొక్కా వీపు భాగంలో 4 ముక్కలు వచ్చాయి. “ఇవి నట్టనడుమ ఉండాలి” అంది అత్త.

కోడలు నోటుపుస్తకంలో 48 గడులు గీసింది. నడుమ 4 గడులు నీలం. వాటి చుట్టూ 12 గడులు. ఆ చుట్టూ 20 గడులు. పైన 6, కింద 6 మిగిలాయి.

నేలమీద పరిచి చూశారు

ముక్కలు కుట్టకముందే నేలమీద పరిచారు. నీలం చుట్టూ ఎర్రచీర ముక్కలు పెట్టారు. రెండూ ముదురు రంగులే. నీలం సరిగా కనపడలేదు.

“ముగ్గు నేలమీద ఎందుకు తెలుస్తుంది? నేల ముదురు, పిండి తెలుపు. ఎర్రది తీసెయ్యి. పంచె ముక్కలు పెట్టు” అంది అత్త.

తెల్ల ముక్కలు పెట్టగానే నీలం వెలిగింది. ఎర్ర ముక్కలు 20 వాటి చుట్టూ పెట్టారు. పైనా కిందా పిల్లల గౌన్ల ముక్కలు పెట్టారు. ఈ మాదిరి ఏ పుస్తకంలోదీ కాదు. అత్తా కోడలూ ఆలోచించుకున్నది.

కుట్టే పద్ధతి

1. ఎర్రచీర ముక్కను ముందే నీళ్లలో నానబెట్టి చూడాలి. రంగు పోతే తెలుపు పక్కన పెట్టకూడదు.

2. ఒక్కో వరుసలో 6 ముక్కలు కలిపి కుట్టాలి. తర్వాత 8 వరుసలను కలిపి కుట్టాలి.

3. అడుగున గట్టి చీర పరవాలి. దానిమీద పాత చీరల మడతలు పరవాలి. పైన ముక్కల గుడ్డ పరవాలి.

4. నడుమ నుంచి అంచులకు పెద్ద పెద్ద కుట్లు వేయాలి. అప్పుడు ముడతలు రావు.

5. తర్వాత వేలెడు దూరంలో వరుసగా చిన్న కుట్లు వేయాలి. చివరికి పెద్ద కుట్లు లాగేయాలి. అంచులు మడిచి కుట్టాలి.

ఒక పేరు

బొంత పూర్తయింది. అత్త సుద్దముక్క తీసుకుంది. నీలం ముక్కమీద మెల్లగా నాలుగు అక్షరాలు రాసింది. ఆ అక్షరాల మీద తెల్లదారంతో కుట్టు వేసింది.

కోడలు కూడబలుక్కుని చదివింది. అది మామ పేరు. అత్త ఆ పేరు ఎన్నడూ నోటితో పలకలేదు. చేత్తో రాసింది.

ఆ రాత్రి అత్త ఆ బొంతే కప్పుకుంది.

మాట్లాడుకోండి

1. అత్త చొక్కా ఇవ్వనని ఎందుకు అంది? తర్వాత ఎందుకు ఇచ్చింది?

2. మీ ఇంట్లో దాచుకున్న పాత బట్ట ఏది? అది ఎవరిది?

లెక్క చెయ్యండి

4 + 12 + 20 + 6 + 6 = ?

గీయండి

నోటుపుస్తకంలో 48 గడులు గీయండి. మీ బొంతకు మీ ఇష్టప్రకారం రంగులు పెట్టండి. కింద మీ పేరు రాయండి.