రీబూట్ తర్వాతే మార్కులు

రెడ్ హ్యాట్ సంస్థ పెట్టే లైనక్స్ సర్టిఫికెట్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏలో టిక్కు పెట్టే ప్రశ్నలుండవు. లైనక్స్ మెషీన్లు అప్పగించి, చేయాల్సిన పనులు చెప్పి, 3 గంటలు టైమిస్తారు. 300కి 210 వస్తే పాస్. ఇంటర్నెట్ ఉండదు, మాన్ పేజీలు చూసుకోవచ్చు. అమీర్‌పేటలో కోర్సు చేసి, ల్యాబ్‌లో టకటకా కమాండ్లు కొట్టినవాళ్లు కూడా ఇందులో తప్పుతుంటారు. అదీ ‘అన్నీ చేసేశాను, టైమ్ కూడా మిగిలింది’ అని నవ్వుతూ బయటికొచ్చినవాళ్లు!

మెయిల్లో రిజల్ట్ వస్తుంది. ఏ విభాగంలో ఎంత శాతమో ఉంటుంది గానీ ఏ పని చెడిందో ఉండదు. హాస్టల్ గదిలో ‘ఏమైంది మామా?’ అంటే ‘సిస్టమ్ స్లోగా ఉందిరా’ అంటాం. ఇంటికి ఫోన్ చేసి ‘ఇంకా రిజల్ట్ రాలేదమ్మా’ అని రెండు రోజులు నెట్టుకొస్తాం. రెండో అబద్ధమే ఎక్కువ బాధపెడుతుంది. ‘తప్పానమ్మా, మళ్లీ రాస్తాను’ అని ఆ రోజే చెప్పేస్తే ఆ బరువు దిగిపోతుంది.

తర్వాత సాధారణంగా జరిగేవి రెండు. పౌరుషం కొద్దీ వెంటనే ఇంకో తేదీ బుక్ చేయడం ఒకటి. అది వట్టి ఆరంభశూరత్వం. కోర్సంతా మొదటి క్లాసు నుంచి మళ్లీ వినడం రెండోది. ఇది చూడ్డానికి కష్టపడుతున్నట్టే ఉంటుంది కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. నా దృష్టిలో ఇదే ఎక్కువ నష్టం. బయటికి పొక్కిన ప్రశ్నల డంప్స్ కొనేవాళ్ల సంగతి చెప్పుకోవడం దండగ.

అసలు ఎక్కడ చెడిందో చూడండి. మీరు చేసిన మార్పులన్నీ రీబూట్ తర్వాత కూడా, ఎవరూ చెయ్యి పెట్టకుండా, నిలబడాలన్నది ఈ పరీక్ష షరతు. సర్వీసును స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం మరిచిపోతే, రీబూట్‌తో అది ఆగిపోతుంది. ఫైర్‌వాల్ రూల్‌కి పర్మనెంట్ అని చేర్చకపోతే అదీ పోతుంది. ఎఫ్‌స్టాబ్ ఫైల్లో యూయూఐడీ ఒక్క అక్షరం తప్పు పడితే ఇంకా ఘోరం. మెషీన్ పైకి లేవకుండా ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది. దాని మీద చేసిన మిగతా పనులు ఎంత బాగున్నా చూసే దిక్కుండదు.

ఇవి తెలియనివా? లేపి అడిగినా చెబుతారు. కానీ క్లాసులో వెనక నిలబడి ‘ఎనేబుల్ చేశావా బాబూ?’ అని సార్ అడిగేవారు. పక్క సీటు కుర్రాడు ‘మౌంట్ మైనస్ ఏ కొట్టి చూడరా’ అనేవాడు. పని మనం చేసేవాళ్లం, సరిచూసే బాధ్యత ఇంకొకరు మోసేవారు. పరీక్ష గదిలో ఆ ఇంకొకరు లేరు. తప్పింది అక్కడ. దానికీ మీ తెలివితేటలకూ సంబంధం లేదు.

కాబట్టి రిజల్ట్ వచ్చిన సాయంత్రమే, జ్ఞాపకం చెదరకముందే, మీరు చేసిన పనులు కాగితం మీద పెట్టండి. ప్రశ్నలు బయటపెట్టబోమని ఒప్పుకుని రాశారు గనుక, ఆ కాగితం మీ దగ్గరే ఉండాలి. తెలియక వదిలేసినవి ఒకవైపు, తెలిసీ చెడగొట్టినవి ఇంకోవైపు రాయండి. మొదటివాటికి పుస్తకం ఉంది. రెండోవాటికి ఏ క్లాసూ పనికిరాదు, అలవాటొక్కటే మందు.

ఆ అలవాటుకు ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ చాలు. ప్రతి పని తర్వాతా ‘అయిందనడానికి రుజువేంటి?’ అని మిమ్మల్ని మీరే అడగండి. ఎఫ్‌స్టాబ్‌లో లైను రాశారా, రీబూట్ చేయకముందే మౌంట్ మైనస్ ఏ కొట్టండి. ఎర్రర్ రాకపోతేనే ముందుకెళ్లండి. రూమ్మేట్‌ని పిలిచి మెషీన్‌ను కావాలని పాడుచేయమనండి: రూట్ పాస్‌వర్డ్ మార్చేయనివ్వండి, ఎఫ్‌స్టాబ్ చెడగొట్టనివ్వండి. వాడిని అడగకుండా బాగుచేయండి. వాడికీ సరదాగా ఉంటుంది.

చివరి అరగంటను కొత్త పనికి వాడకుండా, రీబూట్ చేసి మొదటి నుంచి సరిచూసుకోవడానికి అట్టేపెట్టుకోండి. మోడల్ పరీక్షల్లోనూ ఈ లెక్క తప్పకూడదు.

మెషీన్ రీబూట్ అయ్యాక, కీబోర్డు ముట్టుకోకుండానే అన్నీ వాటంతటవి నడుస్తుంటే, వరుసగా కొన్ని రోజులు అలాగే జరిగితే, అప్పుడు తేదీ బుక్ చేసుకోండి. అంతవరకూ పరీక్ష ఫీజు డబ్బు జేబులోనే ఉంచండి.