రాత్రి బడి

సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దునకు చేరువగా నారాయణఖేడ్ అను పట్టణము కలదు. 2016వ సంవత్సరము వఱకు అది మెదక్ జిల్లాలోనిది. దాపున మంజీరా నది పాఱుచున్నను, చుట్టుపట్ల పల్లెలలో వానను నమ్ముకొనిన సేద్యమే హెచ్చు. తెలుగుతోపాటు కన్నడము, మరాఠీ, ఉర్దూ అచట వినబడును. తండాలలో లంబాడీయే ఇంటి భాష. సంతలో మూడు భాషలలో బేరమాడగల మనుష్యుడు బస్సుపైనున్న ఊరి పేరు చదువలేక ప్రక్కవానిని అడుగుట అచట వింత కాదు. అట్టివానిని తెలివిలేనివాడనుట ఎవరికి చెల్లును?

ఇట్టివారి కొఱకే 1978 అక్టోబరు 2వ తేదీన జాతీయ వయోజన విద్యా కార్యక్రమమును, 1988లో జాతీయ సాక్షరతా మిషన్‌ను ప్రభుత్వము ఆరంభించెను. ఊరూర పలకలు, వాచకములు, లాంతర్లు వచ్చినవి. అయితే రాత్రి బడి తెఱచిన మొదటి వారము చాపలు చాలకపోవుటయు, కొన్ని నెలలకు ఉపాధ్యాయుడు, లాంతరు మాత్రమే మిగులుటయు పలుచోట్ల జరిగినది.

పెద్దలకు శ్రద్ధ లేదని కొందఱు తేలికగా తేల్చివేయుదురు. ఆ మాట న్యాయము కాదు. పగలెల్ల కలుపు తీసి, ఇంటికి వచ్చి పొయ్యి రాజేసి, అందఱికి వడ్డించిన ఇల్లాలికి పలక పట్టువేళకు కనులు మూతలు పడును. కోడలి యెదుట అక్షరము తప్పి వ్రాసినచో నవ్వుదురేమోనని అత్తకు బిడియము. కూలి లెక్క సరిచూచుకొనవలెనను కోరికతో వచ్చినవానికి పసిపిల్లల పాఠములే చెప్పినచో అతడెన్నాళ్లు కూర్చుండును? వీటన్నిటికంటె పెద్ద చిక్కు ఒకటి కలదు. దీపావళి దాటగానే చెఱకు నఱకుటకై నారాయణఖేడ్ ప్రాంతపు తండాలనుండి కుటుంబములు ముందుగా రొక్కము పుచ్చుకొని, పిల్లాపాపలతో దూరప్రాంతములకు తరలిపోవును. వేసవి ముఖమునగాని మరలి రావు. అప్పటికి నేర్చిన నాలుగక్షరములు మఱపున పడును.

డెన్మార్కు దేశమున గ్రుంట్విగ్ అను మతాచార్యుని భావములననుసరించి 1844లో రోడింగ్ గ్రామమున పెద్దలకొఱకు ఒక ప్రజా పాఠశాల వెలసినది. తరువాత అట్టివి అనేకములు ఏర్పడినవి. వానిలో పరీక్షలు లేవు. మంచు కురిసి పొలము పనులు నిలిచిన చలికాలములో రైతు యువకులు అచట చేరుచుండిరి. నారాయణఖేడ్ వైపు చలికాలమే ఊళ్లు ఖాళీయగు కాలము. కావున డెన్మార్కు పంచాంగము ఇచట పనికిరాదు. పనివారి తీఱికను బట్టి బడి నడపవలెనను వారి బుద్ధి మాత్రము గ్రహింపదగినది.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు వాచకములోని పాఠములు స్త్రీల కష్టములనే చెప్పినవి. సారాయి వలన చెడిన కాపురపు కథను చదివిన దూబగుంట స్త్రీలు తమ ఊరి సారాయి దుకాణమును మూయించిరి. ఆ కదలిక జిల్లాలు దాటి వ్యాపించగా 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను.

నారాయణఖేడ్‌నకు పొరుగుననున్న జహీరాబాదు ప్రాంతములోని కథ మఱింత ముచ్చటైనది. అచట పస్తాపూరున 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని స్త్రీ సంఘములలో దళిత స్త్రీలే అధికులు. పగలు పని మానుకొనలేరు కనుక రాత్రివేళ సంఘము కూడుదురు. విత్తనములు, అప్పులు, పంటలు, తగవులు అన్నియు అచటనే చర్చకు వచ్చును. వీరిలో కొందఱు వీడియో కెమెరా పట్టుట నేర్చిరి. పలువురికి చదువు రాదు. అయినను గురువులు చెప్పిన ఆంగ్ల పదములను వల్లెవేయక తామే పేర్లు పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచునది పటేలు షాట్. క్రిందినుండి పైకి చూచునది బానిస షాట్. కన్నులకు సమముగా నిలిచి తీయునది సంఘం షాట్. సంఘములో అందఱు ఒకే చాపపై కూర్చుందురు గదా! తాము పేరు పెట్టిన దానిని వారు మఱచిపోలేదు. 2008 అక్టోబరులో మాచునూరున వీరి సంఘం రేడియో మొదలయ్యెను. అందు మాటలాడినది ఆ పల్లె స్త్రీలే, వారి యాసలోనే.

ఇవియన్నియు ఊరిలో నిలిచియున్నవారికి అందిన చదువులు. చెఱకు తోట గట్టున గుడిసె వేసికొని, వారమునకొక పొలమునకు మాఱు కుటుంబము వెంట ఏ బడి నడువవలెనో, దానిని ఎవరు నడుపవలెనో ఇంకను తేలవలసియున్నది.