‘ఉంటుంది’ అంటే ఊరుకోకండి

నలభై నిమిషాలు ప్రశ్నలు అడిగాక ఫైలు మూసి, "మమ్మల్ని ఏమైనా అడగాలా?" అంటాం. అవతల కూర్చున్న కుర్రాడు అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంటూ ఉంటాడు. "నో సర్, నథింగ్" అని నవ్వేసి లేస్తాడు. హైదరాబాద్ ఆఫీసుల్లో పదిహేనేళ్లుగా బల్లకు ఇవతలి వైపు కూర్చుంటున్నాను, ఎక్కువమంది దగ్గర విన్న జవాబు ఇదే. కాస్త తయారై వచ్చినవాళ్లు, "కంపెనీలో గ్రోత్ ఎలా ఉంటుంది సర్?" అంటారు. "చాలా బాగుంటుంది" అంటాం. వాళ్లూ తలూపుతారు, మేమూ తలూపుతాం. ఎవరికీ కొత్తగా తెలిసిందేమీ ఉండదు.

నేనూ ఆ బాపతే. మొదటి ఉద్యోగానికి వెళ్లినప్పుడు ధైర్యం కూడగట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగాను: "ఇంక్రిమెంట్లు ఉంటాయా సర్?" "ఎందుకుండవు, ఉంటాయి" అన్నారు పెద్దాయన. చేరిన రెండేళ్లలో రూపాయి పెరగలేదు. పక్క సీటు సీనియర్‌ని కదిపితే, అంతకు మూడేళ్ల ముందు నుంచీ ఎవరికీ పెరగలేదని తేలింది. పెద్దాయన అబద్ధమాడలేదు. ఉంటాయన్నారు, ఎప్పుడో చెప్పలేదు. "కిందటిసారి ఎప్పుడిచ్చారు?" అని అడగాల్సింది నేను.

మన భాషలో ‘ఉంటుంది’ మహా వెసులుబాటున్న మాట. రోజూ జరిగేదానికీ అదే, ఎప్పుడో జరగబోయేదానికీ అదే. శనివారం సెలవు ఉంటుంది, ట్రైనింగ్ ఉంటుంది, ఆన్‌సైట్ చాన్స్ ఉంటుంది... వీటిలో ఈ ఏడాది నిజంగా జరిగిందేది, వట్టి ఆశ ఏది అన్నది ఆ మాటలో దొరకదు. అందుకే నేను చెప్పేది ఒక్కటే. మీ ప్రశ్న ఏదైనా సరే, జరిగిపోయిన సంగతిగా మార్చి అడగండి. రేపటి గురించి ఎవరైనా ఎంతైనా చెప్పగలరు. నిన్న జరిగినదాని గురించి చెప్పాలంటే కాస్త ఆలోచించుకోవాలి.

మేనేజరు దగ్గర

మీరు ఎవరి కింద పనిచేయబోతున్నారో ఆ మనిషి ఎదురుగా ఉన్నప్పుడు సెలవులు, క్యాంటీన్ లాంటి వాటి మీద సమయం పోగొట్టుకోకండి. మొదటి ప్రశ్న ఇది: "ఈ పోస్టు కొత్తదా, ఎవరైనా వెళ్లిపోతే ఖాళీ అయిందా?"

ఖమ్మం నుంచి ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వచ్చింది. మేం అడగడం అయ్యాక చిన్న నోట్‌బుక్ తీసి సరిగ్గా ఈ ప్రశ్నే వేసింది. వెళ్లిపోయారని చెప్పాం. "ఎన్నాళ్లు చేశారు సర్?" ఎనిమిది నెలలు. "అంతకుముందు వాళ్లు?" నా పక్కనున్న మేనేజరు నా వైపు చూశాడు. నేను మంచినీళ్ల గ్లాసు వైపు చూశాను. "అదీ ఏడాది లోపే" అన్నాడు చివరికి. ఆ అమ్మాయి ముఖంలో ఏ మార్పూ లేదు. రాసుకుని, "మూడో మనిషి నిలవడానికి ఈసారి ఏం మార్చారు సర్?" అంది. మా దగ్గర జవాబు లేదు. ఆఫర్ ఆమెకే ఇచ్చాం. ఆమె రాలేదు. ఆ తర్వాతే మేం కూర్చుని, ఇద్దరి పనిని ఒకరి నెత్తిన పెట్టామని ఒప్పుకుని, పోస్టును రెండు చేశాం. ఎక్కువ అడిగితే ఉద్యోగం రాదేమోనని భయపడేవాళ్లకు ఈ సంగతి చెబుతూ ఉంటాను.

రెండోది: "చేరిన మూడు నెలల్లో నేను ఏం పూర్తి చేస్తే మీరు సంతృప్తి పడతారు?" ఇది రేపటి ప్రశ్నే అయినా మినహాయింపు ఇవ్వొచ్చు. పని మీద స్పష్టత ఉన్న మేనేజరు మూడు నాలుగు పనులు చకచకా చెబుతాడు. లేనివాడు "నేర్చుకుంటూ పోవడమే" అంటాడు. ఆరు నెలల ప్రొబేషన్ చివర్లో మిమ్మల్ని ఏ కొలతతో కొలుస్తారో అతనికే తెలియదన్నమాట.

మూడోది పనివేళలు. "వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఎలా ఉంటుంది?" అంటే అరిగిపోయిన రికార్డే వినిపిస్తుంది. "టీమ్ మొత్తం చివరిసారి శనివారం పనిచేయాల్సి వచ్చింది ఎప్పుడు? ఎందుకు?" అని అడగండి. "మార్చిలో, ఒక రిలీజ్ కోసం" అంటే అది నిజాయతీ గల జవాబు. "అవసరమైతే అందరం చేస్తాం" అంటే ఆ అవసరం తరచూ వస్తోందని అర్థం. ప్రమోషన్ గురించీ అంతే: "మీ టీమ్‌లో ఈమధ్య పైకి వెళ్లినవాళ్లు ఎవరు? ఎన్నేళ్లకు?" పేరు అక్కర్లేదు, ఆ కథ చాలు.

హెచ్‌ఆర్ దగ్గర: జీతం లెక్క

జీతం ప్రశ్న మొదటి రౌండులో వద్దు. వాళ్లు మిమ్మల్ని తీసుకోవాలనుకున్నాక అడగండి. అప్పుడు మాత్రం మొహమాటం వదిలేయండి. "సీటీసీలో ఏమేం కలిపారు? నెలకు చేతికి ఎంత వస్తుంది?" ఇవి రెండూ కలిపి అడగాలి. సీటీసీ అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు.

ఏడాదికి 6 లక్షల ప్యాకేజీ అనగానే ఇంట్లో నెలకు 50 వేలని లెక్కేసుకుంటారు. ఒక మామూలు ఆఫర్ విప్పి చూద్దాం. బేసిక్ సగం, అంటే నెలకు 25,000. దానిపై 12 శాతం కంపెనీ కట్టే పీఎఫ్ ఏడాదికి 36,000. అదీ మీ సీటీసీలోదే. గ్రాట్యుటీ పేరిట బేసిక్‌లో 4.81 శాతం, 14,430. వేరియబుల్ పే 10 శాతం, 60,000. ఆరోగ్య బీమా ప్రీమియం 9,570 అనుకుందాం. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 4,80,000, అంటే నెలకు 40,000. అందులోంచి మీ వంతు పీఎఫ్ 3,000, వృత్తిపన్ను 200 పోతే బ్యాంకులో పడేది 36,800. యాభైకీ దీనికీ మధ్య తేడా హైదరాబాద్‌లో ఒక ఇంటి అద్దె.

ఇందులో మోసమేమీ లేదు. పీఎఫ్ ఎప్పటికైనా మీదే. కానీ గ్రాట్యుటీ పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు నిండితేనే అందుతుంది. రెండేళ్లకే మారిపోయేవారికి సీటీసీలోని ఆ అంకె కాగితం మీదే ఉండిపోతుంది. ఇక వేరియబుల్ దగ్గర మన సూత్రం వాడండి: "కిందటి ఏడాది వేరియబుల్ ఎంత శాతం చెల్లించారు? ఏ నెలలో?" నూటికి నూరు ఇచ్చిన కంపెనీ గర్వంగా చెబుతుంది. "పెర్ఫార్మెన్స్ బట్టి ఉంటుంది" అన్నారా, ఆ 60,000 లేవనుకునే ఇంటి బడ్జెట్ వేసుకోండి.

సంతకానికి ముందు

ఫ్రెషర్లు తప్పక అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆఫర్ లెటర్ మీద ఏ కంపెనీ పేరుంటుంది? పెద్ద కంపెనీలో ఇంటర్వ్యూ జరిగినా, జీతమిచ్చేది మధ్యలోని వేరే సంస్థ కావచ్చు. థర్డ్ పార్టీ పేరోల్ అంటే ఇదే. తప్పేమీ కాదు, కానీ ముందే తెలియాలి. "ఇలా చేరినవాళ్లలో కిందటేడాది ఎంతమందిని కంపెనీ రోల్స్‌లోకి తీసుకున్నారు?" అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. అలాగే, కిందటి బ్యాచ్‌కి ఆఫర్ ఎప్పుడిచ్చారు, జాయినింగ్ ఎప్పుడైందన్నదీ అడగండి. ఆఫర్ చేతిలో పెట్టుకుని ఏడాదికి పైగా ఎదురుచూసిన పిల్లలు మన ఊళ్లలో ఎందరో.

బాండ్ ఉందా? ఉంటే ఎన్నేళ్లు, ఎంత, మధ్యలో మానేస్తే ఆ మొత్తం తగ్గుతూ వస్తుందా? "బాండ్లు కోర్టులో నిలవవులే, సంతకం పెట్టెయ్" అనే సీనియర్ల మాట పట్టుకోకండి. మూడేళ్లలోపు రాజీనామా చేస్తే 2 లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. ప్రతి ప్రైవేటు బాండూ అలాగే చెల్లుతుందని కాదు. సంతకం వట్టి లాంఛనం కాదని మాత్రం అర్థం. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఒప్పుకోకండి. చూపించండి, జిరాక్సులివ్వండి, మీవి మీరు తెచ్చుకోండి. డిపాజిట్ అనో, ట్రైనింగ్ ఫీజు అనో డబ్బు అడిగితే ఇక ప్రశ్నలే అక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

నోటీస్ పీరియడ్ రెండు వైపులా సమానమేనా? మీరు మానేస్తే 90 రోజులు, వాళ్లు తీసేస్తే 30 రోజులు అని రాసుకున్న లెటర్లు ఉన్నాయి. 90 రోజులంటే రేపు ఇంకో ఆఫర్ వచ్చినా ఆ కొత్త కంపెనీ మీ కోసం మూణ్నెల్లు ఆగాలి. ఆడపిల్లలు ఈ రెండూ కలుపుకోండి: నైట్ షిఫ్ట్ ఉంటే క్యాబ్ ఇంటి గుమ్మం దాకా వస్తుందా, మెయిన్ రోడ్డు దగ్గరే దింపుతుందా? లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీలో ఎవరున్నారు? పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఆ కమిటీ ఉండి తీరాలని 2013 చట్టం చెబుతోంది. ఆ ప్రశ్నకు హెచ్‌ఆర్ తడబడితే అదే జవాబు.

అడిగే తీరు

ఇన్ని ప్రశ్నలూ ఒకే గదిలో గుప్పించమని కాదు. మేనేజరుకు రెండు, హెచ్‌ఆర్‌కు మూడు, చాలు. వెబ్‌సైట్‌లో ఉన్నదాన్ని అడిగితే చదవకుండా వచ్చారని తెలిసిపోతుంది. ఇంటర్వ్యూ ఇంగ్లీషులో జరుగుతుంది కనుక ఆ అయిదు వాక్యాలూ ముందే ఇంగ్లీషులో రాసుకుని, అద్దం ముందు కాకపోయినా బస్సులోనైనా రెండుసార్లు పైకి అనుకోండి. నిలదీసినట్టు కాక, పని గురించి తెలుసుకోవాలన్న ఆసక్తితో అడగాలి. జవాబు వచ్చాక వాదించొద్దు. రాసుకోండి. రాసుకునే మనిషి ముందు ఎవరైనా కాస్త జాగ్రత్తగా మాట్లాడతారు.

ఫోన్‌లో ఒప్పుకున్నవి ఆఫర్ లెటర్‌లో కనబడకపోతే ఒక మెయిల్ పెట్టండి: "మనం అనుకున్నట్టు షిఫ్ట్ పగటిదే, వర్క్ లొకేషన్ హైదరాబాదే కదా, ధ్రువీకరించగలరు." మర్యాద చెడకుండా మాట కాగితం మీదికి వస్తుంది.

పెళ్లి సంబంధం వస్తే పెళ్లివారి మాట ఒక్కటీ విని ఊరుకోం. ఆ ఊళ్లో తెలిసినవాళ్లను పట్టుకుని వాకబు చేస్తాం. ఉద్యోగం దగ్గర మాత్రం ఆ తెలివి ఇంట్లో వదిలి వెళ్తాం. లింక్డ్‌ఇన్‌లో వెతికితే ఆ టీమ్‌లో పనిచేసి మానేసినవాళ్లు, మీ కాలేజీ సీనియర్లు ఒకరిద్దరైనా తగులుతారు. మేనేజరును అడిగిన ప్రశ్నే వాళ్లనూ అడగండి. రెండు జవాబులూ కలిస్తే నిశ్చింతగా చేరండి.

ఈ వారం ఇంటర్వ్యూ ఉన్నవాళ్లు ఒక పని చేయండి. మీరు అడగాలనుకున్న ప్రశ్నలు కాగితం మీద రాయండి. ‘ఉంటుందా’ అని ముగిసిన ప్రతి ప్రశ్ననూ కొట్టేసి, దాని పక్కన ‘కిందటిసారి ఎప్పుడు?’ అని రాసుకోండి. ఆ కాగితం మీ రెజ్యూమే పక్కనే పెట్టుకుని వెళ్లండి.