అమెరికా రైతుల పికప్పు బండ్లు: నమ్మకము, మరమ్మతు



నేను తిరుగు గ్రామములలో నొకదానియందు సహకార సంఘమువారు ధాన్యము, మిరప, ఎరువులు మోయుటకై పాత సరకు బండి నొకదానిని కొనిరి. కొన్న రెండవ యేట, మిరపకోతల నడుమ, ఇంజనుకు నీరు చేర్చు రబ్బరు గొట్టము చిట్లి బొట్లుబొట్లుగా కారనారంభించెను. నాలుగు దినములు కారెను. బండి తోలువాడు చెప్పుచునే యుండెను. విన్నవారందఱు “ఎవరో చూతురు” అనుకొనిరి. ఐదవనాడు నీరింకి, ఇంజను కాలి, బండి పదునెనిమిది దినములు షెడ్డులో పడియుండెను. ఆ లోపల కురిసిన వానకు కళ్ళములోని కాయ తడిసి రంగు చెడెను. మూరెడు రబ్బరు గొట్టము వెల యెంత? తడిసిన మిరప వలన కలిగిన నష్ట మెంత?

ఇప్పు డదే సంఘమువారు మఱియొక బండి కొనదలచి, “ఏ కంపెనీ బండి చెడదు?” అని నన్నడిగిరి. చెడని బండి లేదని చెప్పితిని. ఈ సంగతిని అమెరికా రైతులు నూఱేండ్లుగా సొంత సొమ్ము వ్యయపఱచి నేర్చుకొన్నారు. మన తాతలకు ఎద్దుబండి యెట్టిదో అచ్చటి రైతునకు పికప్పు బండి యట్టిది. ఆ బండ్లు మన యూళ్ళలో నరుదు. ఐనను వాని యజమానుల యనుభవము మన కుపయోగించును. కావున ఈ నెల పాఠముగా దానినే వివరించుచున్నాను.

1. పికప్పు పుట్టుక

ముందు మనుష్యులు కూర్చుండు గది, వెనుక మూతలేని సరకు తొట్టి గల చిన్న లారీయే పికప్పు. మొదట ఇట్టివానిని ఫోర్డువారు చేయలేదు. ఫోర్డు వారి ‘టీ’ నమూనా కారు కొన్న రైతులు దాని వెనుకభాగము తీసివైచి కఱ్ఱపెట్టె బిగించుకొనుచుండిరి. అది చూచి ఫోర్డు కంపెనీవారు 1925లో తామే తొట్టి నమర్చి 281 డాలర్లకు అమ్మనారంభించిరి.

ఆ ‘టీ’ బండి తఱచుగా చెడెడిది. ఐనను దానిలోని భాగములు కొద్ది. ఎల్లను కంటి కగపడునవి, చేతి కందునవి. కొన్నవారి కిచ్చు పుస్తకము ప్రశ్నలు జవాబుల రూపమున నుండెను. పానా పట్ట నేర్చిన రైతు తన పశువుల కొట్టములోనే దానిని బాగుచేసికొన గలిగెను.

ఇచ్చట నొక భేదమును గుర్తుంచుకొనవలెను. చెడకుండుట యొక గుణము. చెడినప్పుడు సులువుగా బాగుపడుట వేఱొక గుణము. ‘టీ’ బండికి రెండవ గుణ మధికముగా నుండెను. తరువాత వచ్చిన బండ్లలో మొదటి గుణము పెరిగెను, రెండవది తఱిగెను. 1948లో ఫోర్డువారి ‘ఎఫ్’ వరుస బండ్లు వచ్చినవి; 1975లో ‘ఎఫ్-150’ వచ్చినది. షెవర్లె, డాడ్జి కంపెనీల పికప్పులును వానితో పోటీపడినవి. నేటి పికప్పు లక్ష మైళ్ళు తిరుగుట వింత కాదు. కాని దాని లోపము కంటి కగపడదు, లోపల దాగియుండును. అట్టివానిలో మూడింటిని చూతము.

2. మూడు దృష్టాంతములు

మొదటిది, చిన్న సీల. 1989 నుండి డాడ్జి పికప్పులకు కమ్మిన్స్ కంపెనీవారి ఆఱు సిలిండర్ల, 5.9 లీటర్ల డీజిలు ఇంజను పెట్టిరి. గట్టితనమునకు అది పేరుపొందినది. అట్టి ఇంజను ముందుభాగమున గేర్ల పెట్టెను సరిగా నిలుపుటకు వ్రేలి కణుపు కంటె చిన్నదియగు ఉక్కుసీల యొకటి యుండును. 1998 వఱకు వచ్చిన ఇంజన్లలో కొన్నింట, ఏండ్లు గడచుకొలది అదురునకు ఆ సీల వదులై బయటికి జరిగి గేర్ల నడుమ పడుట కలదు. పడినచో గేర్ల పండ్లు విఱుగవచ్చును, పెట్టె పగులవచ్చును. యజమానులు దీనికి కనిపెట్టిన చికిత్స మిక్కిలి స్వల్పము. సీల రంధ్రమున కడ్డముగా చిన్న యినుప రేకును ప్రక్క బోల్టుతో బిగించినచో సీల కదలదు. మన బండి చక్రమునకు కడసీల వంటిదే యిది. కడసీల ఊడినచో చక్ర మెంత గట్టిదైన నేమి ఫలము?

రెండవది, ఆకలిగొన్న పంపు. అదే ఇంజనుకు 1998 నడుమ నుండి 2002 వఱకు వేఱొకరకపు డీజిలు పంపు నమర్చిరి. ఆ పంపు లోపల ప్రవహించు డీజిలే దానికి కందెన. దానిని చల్లబఱచునదియు నదియే. టాంకీ నుండి డీజిలును దానికి అందించు చిన్న పంపు మఱియొకటి కలదు. చిన్న పంపు నీరసించినచో పెద్ద పంపునకు చాలినంత డీజిలు అందదు. కందెన లేని యిరుసువలె అరిగి పాడగును. బండి మాత్రము ఆ చివరి దినము వఱకు బాగుగనే నడచుచున్నట్లు తోచును! పెద్ద పంపు వెల మిక్కిలి అధికము. ఒకరి వెనుక నొకరు నష్టపడిన పిమ్మట యజమానులు డీజిలు ఒత్తిడిని చూపు చిన్న గేజిని కంటియెదుట బిగించుకొనసాగిరి. ముల్లు దిగినప్పుడు చిన్న పంపును మార్చుదురు. పెద్ద పంపు దక్కును.

మూడవది, మూసికొనిపోయిన నీటిదారి. ఫోర్డువారి పెద్ద పికప్పులకు నావిస్టార్ కంపెనీవారు చేసిన 7.3 లీటర్ల డీజిలు ఇంజను 1994 నుండి 2003 వఱకు ఉండెను. దానిని నేటికిని యజమానులు మెచ్చుకొందురు. దాని తరువాత 2003 నుండి 2007 వఱకు అదే కంపెనీవారి 6.0 లీటర్ల ఇంజను వచ్చెను. బండి పేరు అదే, చేసినవారు వారే. అనుభవము మాత్రము వేఱు. ఈ ఇంజనులో ఆయిలును చల్లార్చు పరికరముయొక్క నీటిదారులు మిక్కిలి సన్నములు. వానియందు మడ్డి పేరుకొన్నచో, దాని తరువాత నున్న పొగ చల్లార్చు పరికరమునకు నీరు చాలదు. అది వేడికి పగిలి నీరు ఇంజనులోనికి పోవును. తుదకు హెడ్డు గ్యాస్కెట్టు చెడును. పెద్ద మరమ్మతునకై ముందు గదినే చాసీమీదినుండి పైకెత్తు మిస్త్రీలు పెక్కుమంది. ఇచ్చటను యజమానులే గుర్తు కనిపెట్టిరి. ఆయిలు వేడి నీటి వేడికంటె సుమారు 15 ఫారెన్‌హీటు డిగ్రీలకు మించి యున్నచో దారులు మూసికొనుచున్నవని యెఱుగవలెను. అప్పుడే ఆయిలు చల్లార్చు పరికరమును మార్చినవాడు ఇంజనును కాపాడుకొనును.

ఈ మూడింటను నీతి యొకటే. చెడినది చిన్నభాగము, పోయినది పెద్దభాగము, నడుమ నున్నది కనిపెట్టి చూచు కన్ను.

3. తొందరపాటు చేయి

కొన్ని నష్టములు బండి వలన కాక మరమ్మతు వలననే కలుగును. 2004 నుండి 2008 వఱకు వచ్చిన ఎఫ్-150 బండ్ల 5.4 లీటర్ల పెట్రోలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గులు రెండు ముక్కలు అతికించి చేసినవి. క్రిందిముక్క చుట్టు మసి గట్టిపడి హెడ్డునకు అంటుకొనును. పానాతో బలముగా త్రిప్పినచో పైముక్క చేతికి వచ్చును, క్రిందిముక్క లోపలనే నిలుచును. దానిని తీయుటకు ప్రత్యేక పనిముట్టు కావలెను. ఇంజను చల్లారిన పిదప, ప్లగ్గును కొద్దిగా మాత్రమే వదులుచేసి, మసిని కరగించు ద్రవమును పోసి, నాననిచ్చి, ముందుకు వెనుకకు మెల్లగా త్రిప్పుచు తీయవలెను. తొందర కూడదు. తరువాత ఒకే ముక్కగా చేసిన ప్లగ్గులు వచ్చినవి. తెలిసిన యజమానులు వానినే వేయింతురు.

4. తుప్పు

మిచిగన్, ఒహాయో, న్యూయార్కు వంటి ఉత్తర రాష్ట్రములలో చలికాలమున బాటలమీద మంచు కరగుటకు ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు బండి యడుగున చేరి చాసీని, బ్రేకు గొట్టములను తినివేయును. ఇంజను లక్షణముగా నుండగనే బండి పనికిరాకపోవుట అచ్చట సాధారణము. 1999 నుండి 2003 వఱకు తయారైన జనరల్ మోటార్స్ పికప్పులు మొదలగువాని బ్రేకు గొట్టముల తుప్పునుగూర్చి అమెరికా ప్రభుత్వమువారు విచారణ జరిపి 2015లో ముగించిరి. దానిని తయారీ లోపముగా నెంచక, బండి యడుగును కడుగుచుండుడని, గొట్టములను చూపించుకొనుడని యజమానులకు బోధించిరి. మన సముద్రతీర గ్రామములవారును, ఉప్పు, యూరియా మూటలు మోయించువారును ఈ మాట మఱవరాదు.

5. అనుభవమును పోగుచేయుట

ఒక్క రైతునకు సీల పడిపోయిన అది దురదృష్టము. నూర్గురకు పడిన అది లోపము. ఈ రెంటికిని భేదము తెలియవలెనన్న నూర్గురును ఒకచోట చెప్పుకొనవలెను. అమెరికా రైతులకు ఇట్టి కూడిక క్రొత్త కాదు. మినెసోటా రాష్ట్రమందలి కాటన్‌వుడ్ గ్రామమున 1921లోనే రైతులు కలసి పెట్రోలు, ఆయిలు కొనుటకు సహకార సంఘము పెట్టుకొనిరి.

1936లో వినియోగదారుల సంఘ మొకటి న్యూయార్కులో నేర్పడెను. అది కంపెనీల ప్రకటనలు తీసికొనదు. బండ్ల యజమానులైన తన సభ్యుల ననుభవ మడిగి లెక్కగట్టి ప్రకటించును. ప్రభుత్వమువారి రహదారి భద్రతాశాఖయు యజమానుల ఫిర్యాదులను స్వీకరించి ఎల్లరును చదువునట్లు ఉంచును. 1966 నాటి చట్టమును, దాని తరువాతి సవరణలను అనుసరించి, భద్రతకు భంగకరమగు లోపము తేలినచో కంపెనీవారు బండ్లను పిలిపించి తమ ఖర్చుతో బాగుచేయవలెను. క్రొత్తబండికిని ఈ రక్షణ యావశ్యకమే. 2021 నుండి 2024 వఱకు వచ్చిన జనరల్ మోటార్స్ పికప్పులు మొదలగువానిలోని 6.2 లీటర్ల ఇంజన్లలో క్రాంకుషాఫ్టు, బేరింగుల లోపము తేలి, 2025 ఏప్రిలులో అమెరికాలోనే సుమారు 6 లక్షల బండ్లను పిలిపించిరి. పరీక్షలో చెడిన ఇంజనును బాగుచేయుటయో మార్చుటయో, నిలిచినదానికి మఱింత చిక్కని ఆయిలు పోయుటయో చేయ నిర్ణయించిరి.

6. బాగుచేసికొను హక్కు

1996 నుండి అమెరికాలో అమ్మబడు కార్లకు, చిన్న లారీలకు ఒకే తీరు పరీక్ష సాకెట్టు ఉండవలెనని విధించిరి. చిన్న యంత్రము తగిలించినచో బండి తన లోపముయొక్క సంకేతసంఖ్య చెప్పును. అది వైద్యుడు నాడి చూచుట వంటిది. రోగము వెదకవలసిన చోటు చూపును గాని మందు చెప్పదు. సంఖ్య చూచి వెంటనే భాగము మార్చువాడు సొమ్ము పోగొట్టుకొనును.

కంపెనీ యేజెంటు నొద్దనే గాక ఊరి మిస్త్రీ నొద్దను బండి బాగుపడవలెనన్న, ఆ మిస్త్రీకి మరమ్మతు వివరములు దొరకవలెను. మసాచుసెట్స్ రాష్ట్రము 2012లో ఇందుకై చట్టము చేసెను. 2014లో కంపెనీలు దేశమంతటను అట్లే వివరములిచ్చుటకు ఒడంబడినవి. రైతునకు ఇది చిన్నసంగతి కాదు. కోతలనాడు ఏజెంటు డెబ్బది మైళ్ళ దూరమున నున్నచో, చెడకుండు బండి కంటె ఊరిలో బాగుపడు బండియే మేలు.

7. మనము చేయవలసినది

ఒకటి. పేరుచూచి కాదు, ఏ యేటిది, ఏ ఇంజను అని చూచి కొనవలెను. ఒకే పేరున మంచిదియు చెడ్డదియు నుండునని పైన చూచితిమి.

రెండు. కొనుటకు ముందు అట్టి బండియే గల నలుగురు యజమానులను, ఒక మిస్త్రీని అడుగవలెను. “బాగున్నదా?” అని కాదు, “మొదట ఏది చెడును?” అని అడుగవలెను.

మూడు. విడిభాగములు ఎచ్చట దొరకును, ఎన్ని దినములకు వచ్చును అని ముందే తెలిసికొనవలెను.

నాలుగు. బండిలో నొక పుస్తక ముంచవలెను. తేది, తిరిగిన దూరము, పోసిన ఆయిలు, నీరు, మార్చిన భాగము, విన్న క్రొత్తచప్పుడు వ్రాయవలెను.

ఐదు. వారమున కొకసారి ఆ పుస్తకమును చదివి, బండి యడుగు చూచి, సంతకము చేయుటకు సంఘమువా రొక సభ్యుని నియమింపవలెను. చిన్న మరమ్మతునకు ఎవరి ననుమతియు అడుగక వ్యయము చేయు నధికారము అతని కీయవలెను.

ఈ కడపటిదే ముఖ్యము. సొంత బండిలో నీరు కారుచుండగా నాలుగు దినములు ఊరకుండు రైతు లేడు. ఉమ్మడి బండి కాబట్టి నలువదిమంది చూచిరి, ఒకడును గొట్టము మార్పలేదు. సహకార మనగా సొమ్ము కలపుట మాత్రమే కాదు, కన్నులు కలపుటయు. అయినను అందఱి కన్నులు చూచినదానిని చక్కబెట్టుటకు ఒకని చేయి నియమింపబడి యుండవలెను.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. చెడకుండుటకును సులువుగా బాగుపడుటకును భేదమేమి? మన గ్రామమునకు ఏది యెక్కువ యవసరము?

2. మన సంఘపు బండిలో, పంపుసెట్టులో, పిండిమరలో ‘చిన్న సీల’ ఏది?

3. దానిని చూచు బాధ్యత నేడు ఎవరిది? ఆ పేరు తీర్మానముల పుస్తకమున వ్రాయబడి యున్నదా?