జీతాల ఒప్పందం కుదిరింది, ఇప్పుడేం చేయాలి?
సూపర్‌మార్కెట్ కార్మికులు తరచూ అడిగే ప్రశ్నలు

మైపాడు, ఇందుకూరుపేట వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి నెల్లూరు సూపర్‌మార్కెట్లలో పనికి వెళ్లేవారు చాలామంది ఉన్నారు. బిల్లింగ్ కౌంటర్, గోడౌన్, ర్యాకులు సర్దడం, తూకం, ప్యాకింగ్ వారి పనులు. యూనియన్ ఉన్నచోట ఏడాదికోసారి జీతాల ఒప్పందం కుదరగానే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "యూనియన్ అమ్ముడుపోయింది". రెండోది "వచ్చిందే చాల్లే". కాగితం చదవకుండా ఈ రెండింటిలో ఏదీ అనవద్దని నా విన్నపం.

కొత్త కార్మిక కోడ్‌లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇక్కడి జవాబులకు ఆధారం పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 (ఇకపై "సంబంధాల కోడ్"), వేతనాల కోడ్, 2019 (ఇకపై "వేతన కోడ్"). కార్మిక శాఖ రాజీ అధికారి ముందు, రాజీ ప్రక్రియలో కుదిరినది "రాజీ ఒప్పందం". ఆ ప్రక్రియ లేకుండా యాజమాన్యం, కార్మికుల పక్షం రాతపూర్వకంగా సంతకాలు చేసుకుని, నకలును అధికారులకు పంపినది "నేరు ఒప్పందం". ఈ తేడా మీదే చాలా జవాబులు ఆధారపడతాయి. ఇవి సాధారణ జవాబులు. మీ విషయంలో మీ ఒప్పందంలోని అక్షరమే ప్రమాణం.

1. సూపర్‌మార్కెట్‌లో పనిచేసే నేను చట్టం ప్రకారం "కార్మికుడిని" అవుతానా?

సాధారణంగా అవుతారు. మినహాయింపులు ప్రధానంగా రెండు: మేనేజర్ లేదా పరిపాలన హోదాలో పనిచేసేవారు, నెలకు రూ.18,000 మించిన వేతనంతో పర్యవేక్షణ పని చేసేవారు. బ్యాడ్జీ మీద "ఫ్లోర్ ఇన్‌చార్జి" అని ఉన్నంత మాత్రాన మినహాయింపు రాదు. రోజులో ఎక్కువ భాగం మీరు చేసే పని ఏమిటన్నదే చూస్తారు.

2. నేను సంతకం పెట్టలేదు. యూనియన్‌లో సభ్యత్వమూ లేదు. ఒప్పందం నాకు వర్తిస్తుందా?

రాజీ ఒప్పందమైతే వర్తిస్తుంది. సంబంధాల కోడ్ సెక్షన్ 57 ప్రకారం వివాదం నాటికి ఆ సంస్థలో ఉన్నవారందరికీ, ఆ తర్వాత చేరినవారికీ అది కట్టుబాటే. సభ్యులా, కాదా, మరో యూనియన్ వారా అన్న తేడా లేదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 కింద కూడా ఇదే సూత్రం ఉండేది. లోటస్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు, రాజీ ఒప్పందం సంతకం చేయని మైనారిటీ యూనియన్ సభ్యులను కూడా కట్టిపడేస్తుందని తేల్చింది.

నేరు ఒప్పందమైతే అది కట్టుబడేది అందులోని పక్షాలకే. సంతకం చేసిన యూనియన్‌లో మీరు సభ్యులు కాకపోతే, దాని భారం మీ మీద ఆటోమేటిక్‌గా పడదు, ప్రయోజనాన్ని హక్కుగా అడగడమూ కష్టమవుతుంది. ఇలాంటి చోట యాజమాన్యాలు విడివిడిగా "సమ్మతి పత్రం" మీద సంతకాలు అడుగుతుంటాయి. సంతకం పెడితే పెంపుతో పాటు షరతులన్నింటినీ ఒప్పుకున్నట్టే. పని గంటలు, షిఫ్టు మార్పు, బదిలీ షరతులు చదివాకే పెట్టండి. ఖాళీలున్న కాగితం మీద ఏ పరిస్థితిలోనూ సంతకం చేయవద్దు.

కాబట్టి ముందుగా మీ ఒప్పందం మొదటి పేజీ చూడండి. రాజీ అధికారి సంతకం, రాజీ ప్రక్రియ ప్రస్తావన ఉన్నాయా?

3. మా తరఫున మాట్లాడే అధికారం ఆ యూనియన్‌కు ఎవరిచ్చారు?

సంబంధాల కోడ్ సెక్షన్ 14 ప్రకారం, ఒకటి కంటే ఎక్కువ యూనియన్లు ఉన్నప్పుడు హాజరు పట్టీలోని కార్మికుల్లో 51 శాతం లేదా అంతకుమించి మద్దతు ఉన్న యూనియన్‌కే ఏకైక చర్చల యూనియన్‌గా గుర్తింపు. ఏ యూనియన్‌కూ అంత బలం లేకపోతే, కనీసం 20 శాతం మద్దతు ఉన్న యూనియన్ల ప్రతినిధులతో చర్చల మండలి ఏర్పడుతుంది. గుర్తింపుకు కాలపరిమితి ఉంది: 3 ఏళ్లు, లేదా ఇరుపక్షాలు ఒప్పుకుంటే గరిష్ఠంగా 5 ఏళ్లు. మీ యూనియన్ గుర్తింపు తేదీ అడిగి తెలుసుకోవడం మీ హక్కుల్లో భాగమే.

4. పెంపు చాలా తక్కువ. ఒప్పందాన్ని రద్దు చేయించవచ్చా?

"తక్కువ" అన్న ఒక్క కారణంతో సాధారణంగా కుదరదు. హెర్బర్ట్‌సన్స్ కేసులో (1976) సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇప్పటికీ దారి చూపుతుంది: ఒప్పందాన్ని ముక్కలు చేసి ఒక్కో షరతునూ తూచకూడదు, మొత్తంగా న్యాయంగా ఉందా లేదా అన్నదే చూడాలి. మోసం, బలవంతం, అధికారం లేనివారి సంతకం, చట్టం ఇచ్చిన కనీస హక్కుకు గండి ఉన్నాయని ఆధారాలతో చూపగలిగితే పరిస్థితి వేరు.

5. ఏప్రిల్‌లో వీడీఏ పెరిగింది. "ఒప్పందంలో ఇచ్చిన పెంపులోనే అది కలిసి ఉంది" అంటున్నారు. సరైనదేనా?

ఈ ప్రశ్న చాలామందిది. ఆంధ్రప్రదేశ్‌లో కనీస వేతనాలకు జోడించే కరువు భత్యాన్ని (వీడీఏ) ధరల సూచీని బట్టి ఏటా ఏప్రిల్ 1, అక్టోబర్ 1 తేదీల నుంచి సవరిస్తారు. దుకాణాలు, వాణిజ్య సంస్థలకు దీని ప్రకారమే రేటు ఉంటుంది. జవాబు రెండు దశల్లో చూడాలి.

మొదటిది: మీ బేసిక్, డీఏ కలిపితే మీ కేటగిరీకి ఆ రోజున్న కనీస వేతనం కంటే తక్కువా? తక్కువైతే, ఒప్పందంలో ఏం రాసుకున్నా, తేడా చెల్లించి తీరాలి. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమ అని సుప్రీంకోర్టు 1982లోనే, ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, తీర్పు ఇచ్చింది.

రెండోది: మీ జీతం ఇప్పటికే కనీస వేతనానికి పైన ఉంటే, వీడీఏ పెంపు విడిగా ఇవ్వాలా లేదా అన్నది ఒప్పందంలోని మాటను బట్టే ఉంటుంది. "వీడీఏకు అదనంగా" అని ఉంటే విడిగా రావాలి. "వీడీఏతో కలిపి" అని ఉంటే విడిగా అడగడం కష్టం. వచ్చే చర్చల్లో యూనియన్ ప్రతినిధులు పట్టుబట్టవలసింది ఈ ఒక్క మాట దగ్గరే అని నా అభిప్రాయం.

6. వెయ్యి పెరిగిందన్నారు, చేతికి తక్కువ వచ్చింది. మోసమా?

అన్నిసార్లూ కాదు. ఇటీవల ఒక సోదరి పని దిగి, మైపాడు గేటు దగ్గర బస్సెక్కబోతూ ఫోన్‌లో తన పే స్లిప్ చూపించారు. పెంపు రూ.1,000, చేతికి వచ్చింది రూ.872.50. వెయ్యీ బేసిక్‌లో కలిపారు కాబట్టి పీఎఫ్ 12 శాతం కింద రూ.120, ఈఎస్ఐ 0.75 శాతం కింద రూ.7.50 తగ్గాయి. లెక్క సరిపోయింది. పైగా అది ఆమెకు మేలు: పీఎఫ్‌కు యాజమాన్యం వాటా కూడా పెరుగుతుంది, గ్రాట్యుటీ లెక్కా పెరుగుతుంది.

పెంపు మొత్తాన్నీ ఇంటి అద్దె, రవాణా వంటి భత్యాల్లో చూపితేనే జాగ్రత్తపడాలి. చేతికి ఎక్కువ కనిపిస్తుంది, భవిష్యత్తుకు జమ పడేది మాత్రం తక్కువ. దీనికి వేతన కోడ్ ఒక హద్దు పెట్టింది. మొత్తం ప్రతిఫలం 100 రూపాయలై, వేతనంలో లెక్కించని భత్యాలు 60 రూపాయలైతే, సగానికి మించిన ఆ 10 రూపాయలు వేతనంలో కలుస్తాయి. పే స్లిప్ ఇవ్వడం యాజమాన్యం బాధ్యత, దయ కాదు. పాత నెలది, కొత్త నెలది పక్కపక్కన పెట్టి పంక్తి పంక్తి పోల్చండి.

7. జీతం రూ.21,000 దాటింది. ఈఎస్ఐ వెంటనే ఆగిపోతుందా?

ఆగదు. కంట్రిబ్యూషన్ కాలం (ఏప్రిల్–సెప్టెంబర్, అక్టోబర్–మార్చి) మధ్యలో పరిమితి దాటితే, ఆ కాలం ముగిసేదాకా చందా కొనసాగుతుంది. దానికి అనుగుణమైన ప్రయోజన కాలంలో వైద్యం, నగదు ప్రయోజనాలు నియమాల ప్రకారం అందుతాయి. కాన్పు లేదా ఆపరేషన్ తలపెట్టినవారు ఈ తేదీలు ముందే చూసుకోవాలి.

8. ఒప్పందం పాత తేదీ నుంచి అమలు. ఎరియర్స్ ఎవరికి?

అమలు తేదీ ఒప్పందంలో ఉంటే అదే. లేకపోతే సంతకాలైన రోజు. మధ్యలో మానేసినవారికి ఎరియర్స్ వస్తాయా అన్నది "ఫలానా తేదీకి రోల్స్‌లో ఉన్నవారికి" వంటి మాటను బట్టి ఉంటుంది. ఇక మానేసిన లేదా తొలగించిన వారికి అప్పటికి రావలసిన వేతనాన్ని 2 పనిదినాల్లో చెల్లించాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీ దాటకూడదు.

9. పెంపు ఇచ్చారు, కౌంటర్‌లో షార్టేజ్ వస్తే కటింగ్ మొదలుపెట్టారు. చేయవచ్చా?

ఇష్టం వచ్చినట్టు చేయకూడదు. మీకు అప్పగించిన సరుకు లేదా మీరు లెక్క చెప్పాల్సిన నగదు మీ నిర్లక్ష్యం లేదా తప్పు వల్లనే పోయి ఉండాలి. కటింగ్ నష్టం విలువను మించకూడదు. ముందుగా మీ సంజాయిషీ చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి. ఒకే కౌంటర్‌లో ముగ్గురు కూర్చున్న రోజు తగ్గిన డబ్బును ముగ్గురికీ సమానంగా పంచి కోయడం ఈ పరీక్షకు నిలవడం కష్టం. కౌంటర్ చేతులు మారేటప్పుడు నగదు లెక్క రాసి సంతకం తీసుకోండి. అన్ని కోతలూ కలిపి వేతనంలో 50 శాతం మించకూడదు.

10. నేను ఏజెన్సీ ద్వారా వచ్చాను. ఈ పెంపు నాకూ వస్తుందా?

ఒప్పందంలో కాంట్రాక్ట్ సిబ్బందిని చేర్చి ఉంటేనే. చేర్చకపోయినా కనీస వేతనం మీ హక్కు. ఏజెన్సీ వేతనం ఎగ్గొడితే, ఆ సంస్థ యజమాని బాధ్యత వహించాలని వేతన కోడ్ చెబుతోంది.

11. ఒప్పందం నచ్చక అందరం ఒకేరోజు సెలవు పెట్టవచ్చా?

పెట్టకండి. ఒప్పందం అమల్లో ఉండగా అందులోని అంశాలపై సమ్మె నిషిద్ధం. సంస్థలోని కార్మికుల్లో 50 శాతం లేదా అంతకుమించి ఒకేరోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే, సంబంధాల కోడ్ దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది. ఒప్పందంతో సంబంధం లేని అంశంపై సమ్మెకూ 14 రోజుల ముందు నోటీసు వంటి షరతులున్నాయి. ఒప్పందం బాగాలేదని సభలోనో, వాట్సాప్ గ్రూపులోనో చెప్పుకోవడం దానంతటదే తప్పు కాదు. బూతులు, బెదిరింపులు, కంపెనీ రహస్య పత్రాల ఫొటోలు మాత్రం క్రమశిక్షణ చర్యకు దారి ఇస్తాయి.

12. ఒప్పందం కుదిరినా డబ్బు ఇవ్వడం లేదు. ఎవరిని, ఎప్పటిలోగా అడగాలి?

ముందు రాతపూర్వకంగా యాజమాన్యాన్ని అడిగి, అందినట్టు రసీదు తీసుకోండి. 20 మంది లేదా అంతకుమించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. వ్యక్తిగత ఫిర్యాదును ఏడాదిలోగా అక్కడ ఇవ్వాలి. కమిటీ 30 రోజుల్లో విచారణ ముగించాలి. నిర్ణయం నచ్చకపోతే యూనియన్ ద్వారా 60 రోజుల్లోగా రాజీ అధికారిని ఆశ్రయించవచ్చు.

ఒప్పందం కింద రావలసిన సొమ్ముకు సంబంధాల కోడ్ సెక్షన్ 59 ప్రకారం ప్రభుత్వానికి వసూలు దరఖాస్తు చేసుకోవచ్చు. ధ్రువపత్రం జారీ అయితే కలెక్టర్ ద్వారా భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. గడువు, సొమ్ము రావలసిన తేదీ నుంచి ఒక ఏడాది. ఆలస్యానికి తగిన కారణం చూపితే తర్వాత కూడా స్వీకరించవచ్చు కానీ, దాని మీద ఆధారపడవద్దు. కనీస వేతనం కన్నా తక్కువ చెల్లింపు, అక్రమ కోతలపై వేతన కోడ్ సెక్షన్ 45 కింద క్లెయిమ్‌కు 3 ఏళ్ల గడువుంది. ఈ రెండు గడువులను కలిపేసుకుని, మూడేళ్లుందిలే అని ఎరియర్స్ దరఖాస్తు మరిచిపోయినవారే ఎక్కువ నష్టపోతారు.

13. ఒప్పందం కాలం ముగిశాక పాత జీతానికి దించవచ్చా?

ఒప్పందం తనంతట తాను రాలిపోదు. కాలపరిమితి రాయకపోతే సంతకాలైన నాటి నుంచి 6 నెలలు. ఆ తర్వాత కూడా, ముగిస్తున్నామని ఏదో ఒక పక్షం రాతపూర్వక నోటీసు ఇచ్చి 60 రోజులు గడిచేదాకా కట్టుబాటు ఉంటుంది.

14. మా అబ్బాయి ఇంగ్లండ్‌లో చదువుకుంటూ టెస్కోలో చేస్తున్నాడు. అక్కడి ఒప్పందమూ ఇలాగేనా?

కాదు. బ్రిటన్‌లో సామూహిక ఒప్పందానికి, అందులో రాతపూర్వకంగా చెప్పుకుంటే తప్ప, నేరుగా చట్టబలం లేదు. ఉద్యోగి సొంత కాంట్రాక్ట్‌లో చేరాకే అది హక్కు అవుతుంది. 2025లో టెస్కో, దుకాణ కార్మికుల యూనియన్ ఉస్‌డా కుదుర్చుకున్న ఒప్పందంలో గంట రేటు మార్చి 30 నుంచి 12.45 పౌండ్లు, ఆగస్టు 31 నుంచి 12.64 పౌండ్లు అయింది. అదే ఒప్పందంలో పాత సిబ్బందికి ఉన్న ఆదివారం అదనపు చెల్లింపు పోయింది. ఒకే కాగితం కొత్తవారికి లాభంగా, ఆదివారాలు నమ్ముకున్న పాతవారికి కోతగా కనిపించడం సహజమే. ఇంకొక మాట: రేటు పెరిగినా, విద్యార్థి వీసాపై డిగ్రీ చదివేవారికి తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటల పరిమితి మారదు.

15. లాయరుకు ఇచ్చే స్తోమత లేదు.

న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 1987 సెక్షన్ 12 ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. నెల్లూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను నేరుగా కలవండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఒప్పందం నకలు, పెంపుకు ముందు నెల, తర్వాతి నెల పే స్లిప్పులు, బ్యాంకు ఖాతా వివరాలు, యాజమాన్యానికి ఇచ్చిన దరఖాస్తు రసీదు తీసుకెళ్లండి. ఒప్పందం నకలు ఇంకా మీ చేతికి రాకపోతే, ఈ వారంలోనే యూనియన్‌ను రాతపూర్వకంగా అడగండి.