స్టార్టరు డబ్బా జివ్వుమంటే ఊరుకోవద్దు

కరెంటు వచ్చే వేళకు రైతు బోరు దగ్గరికి పోతాడు. గట్టు తడి, కాళ్లు తడి, చేతులు తడి. స్టార్టరు బొత్తాం నొక్కబోతే డబ్బాకు వేలు తగిలి జివ్వుమంటుంది. "ఇది ఎప్పుడూ ఉండేదేలే" అనుకుని మర్నాటి నుంచి పుల్లతో నొక్కడం మొదలుపెడతాడు. చాలా పొలాల్లో కనిపించే సంగతే ఇది. కానీ ఆ జివ్వుమనడమే హెచ్చరిక. ఇవాళ చెప్పులు ఉండబట్టి జివ్వుమని వదిలిన డబ్బా, రేపు తడి కాళ్లతో తాకితే ప్రాణం తీస్తుంది. మోటారు వేయడానికి మనమే పోతామన్న నమ్మకం కూడా లేదు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు కూడా పోతుంటారు.

ఫ్యూజు ఉంది కదా?

ఫ్యూజు తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు ఒక్కో ఫేజులో సుమారు 7 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఫ్యూజు కాలాలంటే అంతకన్నా బాగా ఎక్కువ పారాలి. మనిషి గుండె ఆగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. మనిషి పోయినా ఫ్యూజు అలాగే ఉంటుంది. ఫ్యూజు బదులు లావు రాగితీగ చుట్టేవారికైతే మోటారు మీద కూడా ఆశ ఉండదు.

ఎర్తు ఇలా వేయించాలి

ఎలుక కొరికినా, ఎండకు తొడుగు చిట్లినా, తేమ చేరినా తీగలోని కరెంటు ఇనుప డబ్బాకు ఎక్కుతుంది. దాన్ని భూమిలోకి పంపేదే ఎర్తు. సుమారు 8 అడుగుల జీఐ పైపును నిలువుగా పాతి, చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా నింపాలి. డబ్బా నుంచి, మోటారు బాడీ నుంచి 8 గేజి జీఐ తీగ తెచ్చి పైపుకు బోల్టుతో బిగించాలి. ఊరికే చుట్టి వదిలితే తుప్పు పట్టి ఊడిపోతుంది. ఎండాకాలంలో వారానికోసారి గుంటలో నీళ్లు పోయాలి.

అయితే ఎర్తు ఒక్కటే చాలదు. ఎర్ర నేల, రాతి నేల ఎండితే కరెంటు సరిగా దిగదు. నిరోధం 40 ఓములు ఉంటే 240 వోల్టులకు 6 ఆంపియర్లే భూమిలోకి పోతాయి. ఫ్యూజు కాలదు, డబ్బాలో కరెంటు అలాగే నిలుస్తుంది. అందుకే 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ కూడా పెట్టించాలి. ఆ కాస్త కరెంటు పక్కదారి పట్టినా ఇది రెప్పపాటులో లైను తెంపేస్తుంది. నెలకోసారి దాని 'టెస్ట్' బొత్తాం నొక్కి చూడండి. పడిపోకపోతే మార్పించాలి. ఇంటికి కూడా ఇది మంచిది.

ఇవి చేయొద్దు

* ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు మీరు వేయొద్దు. లైన్‌మన్‌ను పిలవండి. రాకపోతే 1912కు ఫోను చేయండి. మడి ఎండితే ఒక పంటే పోతుంది.
* ఆటో స్టార్టరు ఉంటే కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరుగుతుంది. మెయిను ఆపి, ఫ్యూజు క్యారియర్లు పీకి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టండి.
* కండెన్సరు ఉన్న డబ్బాలో మెయిను ఆపినా కరెంటు నిలవ ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌నే విప్పనివ్వండి.
* సబ్‌మెర్సిబుల్ మోటారును కేబుల్ పట్టుకుని పైకి లాగొద్దు.

షాకు కొడితే

పట్టుకుని లాగొద్దు, మీరూ అతుక్కుంటారు. ముందు మెయిను ఆపండి. అది దూరమైతే, పొడి నేల మీద నిలబడి పొడి కర్రతో తీగను నెట్టండి. తెగి పడింది 11 కేవీ తీగైతే కర్ర కూడా పనికిరాదు. లైను ఆపించేదాకా దగ్గరికి పోవద్దు. మనిషిని విడిపించాక ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. పక్కవారిచేత 108కి ఫోను చేయించండి. తేరుకున్నా సరే, ఆస్పత్రికి తీసుకుపోవాల్సిందే.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. పుల్లతో బొత్తాం నొక్కే రైతులు రేపే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి డబ్బా చూపించుకోండి.