లక్కమ్మ కొలత

కొండపాకలో కాకతీయుల కాలపు రుద్రేశ్వరాలయము నేటికిని నిలిచియున్నది. ఆనాటి శాసనములు సాధారణముగా దాతల వంశమును, దానమిచ్చిన భూమి యెల్లలను సవివరముగా చెప్పును. రాతిని తొలిచినవానికి, మోసినవానికి దినమునకు ఏమి ముట్టినదో చెప్పుట అరుదు. నేడు ఆ ప్రాంతపు మనుష్యులు హైదరాబాదునకు పోయి మేడలు కట్టుచున్నారు, ఆ మేడల వాకిట కావలి కాయుచున్నారు, హోటళ్లలో గిన్నెలు తోముచున్నారు. కొండపాక మండలమందలి ఎర్రవల్లి, సింగారము గ్రామములు మల్లన్నసాగరమున మునిగినవి. ఆ జలాశయము 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. 2023 అక్టోబరులో సిద్దిపేటనుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. భూమి తగ్గి దారి దగ్గరయినచోట, పట్టణపు కూలితో ఇల్లు గడచునా అనునది ఇంటింటి ప్రశ్న.

లింగవంతులకు ఇది ధర్మప్రశ్న కూడ. బసవేశ్వరులు కాయకమును, దాసోహమును జంటగా బోధించిరి. చెమటోడ్చి ఆర్జించినదానితో తాను బ్రతికి, మిగిలినది సమాజమునకు అర్పించుట ఆ బోధ సారము. అయితే మిగులు లేని కూలికి దాసోహ మెక్కడిది? పండ్రెండు గంటలు కావలి కాసినవాడు నెలాఖరున అప్పు చేసి బియ్యము తెచ్చుకొనుచున్నచో, అతనికి కాయకమున్నది గాని దాసోహమును చేయు అవకాశము లేకుండ పోయినది. దానిని తీసివేసినది అతని సోమరితనము కాదు, కూలి నిర్ణయించినవారు.

ఇచట ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథను జ్ఞాపకము చేసికొనవలెను. కల్యాణమున నేలరాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు మామూలుకన్న ఎక్కువ బియ్యము తేగా లక్కమ్మ మనకు ఇంత ఎందుకని, అధికమైనదానిని తిరిగి అచటనే పోసి రమ్మనినదని శరణుల సంప్రదాయము చెప్పును. ఈ కథను ఉపన్యాసములలో తరచుగా పేదవానికే చెప్పుచుందురు: ఉన్నదానితో తృప్తిపడుమని. ఇది కథను తలక్రిందులు చేయుట. లక్కమ్మ కొలచినది ఇంటి అవసరమును. ఆ కొలతకు మించినది తనది కాదనినది. కొలతకు తక్కువైనను చాలునని ఆమె చెప్పలేదు. మించినది ముట్టరాదను మాట ఎక్కువ పుచ్చుకొనువారికి, అనగా పనిచేయించుకొని కూలి మిగుల్చుకొనువారికి, ముందుగా తగులును.

ఇంటి అవసరమును కొలిచి కూలి కట్టు పద్ధతి మన దేశమునకు క్రొత్త గాదు. రాజ్యాంగము 43వ అధికరణము కార్మికులకు జీవన వేతనము లభింపజేయుటకు ప్రభుత్వము యత్నింపవలెనని చెప్పుచున్నది. 1957లో జరిగిన పదునైదవ భారత కార్మిక సమావేశము కనీస వేతనమునకు కొలతలు ఏర్పరచెను. కుటుంబమును మూడు భాగములుగా లెక్కించి, భాగమునకు దినమునకు 2,700 కేలరీల ఆహారము, కుటుంబమంతకు ఏడాదికి 72 గజముల బట్ట, ఇంటద్దె, వంటచెరకు, దీపము మొదలగు ఇతర ఖర్చులకు మొత్తములో నూటికి 20. భార్యాబిడ్డల సంపాదనను లెక్కలోనికి తీసికొనరాదు. (ఆ లెక్కలో పురుషుడు ఒక భాగమైన, స్త్రీ 0.8 మాత్రమే. లక్కమ్మ దీనికి ఒప్పుకొనియుండదు.) 1991లో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యము, వృద్ధాప్యము, వివాహము వంటివానికి మరి నూటికి 25 చేర్చవలెనని తీర్పు చెప్పెను.

కొలత ఉన్నది, తూనిక సరిగా లేదు. 1948 నాటి కనీస వేతనముల చట్టము స్థానమున 2019లో వేతనముల స్మృతి చేయబడి, 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. ఆ స్మృతికై 2020లో కేంద్రము ప్రకటించిన ముసాయిదా నియమములలో ఇంటద్దెను అన్నవస్త్రముల ఖర్చులో నూటికి పదిగా కట్టిరి. ఒక కుటుంబమునకు అన్నవస్త్రములకు నెలకు పదివేలు అగుననుకొన్నను, అద్దెకు వేయి రూపాయలు. ఆ వేయి రూపాయలకు హైదరాబాదులో నలుగురుండదగిన గది చూపగల వారెవరు? పల్లెలో సొంత గుడిసె విడిచి వచ్చినవాని కూలిని మొదట మ్రింగునది అద్దెయే. తరువాత బస్సు చార్జీ, వంటగ్యాసు, పిల్లల బడి ఫీజు. చివరకు తగ్గునది పాలు, పప్పు.

కూలి పెరుగుట ఎట్లు జరుగునో 2015 జూలై చూపినది. హైదరాబాదు మహానగరపాలక సంస్థ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేయగా నగరము నాలుగు దినములలోనే వారి కాయకము విలువను ముక్కుతో గుర్తించెను. నెలకు 8,500 రూపాయలుగా నున్న వారి వేతనమును ప్రభుత్వము 12,500 చేసెను. చీపురు మూలకు చేరిన పిదప గాని చీపురుపట్టినవాని యాకలి కంటబడలేదు. మడివాలు మాచయ్య బట్టలుదికిన చేతులను బసవేశ్వరులు గౌరవించిరని పురాణము చదువు ఇండ్లలో, వీధి ఊడ్చు చేతులను గూర్చి ఆ దినములలో ఏమి మాటలాడుకొనిరో ఎవరికి వారే స్మరించుకొనవచ్చును.

వెట్టిచాకిరి తెలంగాణపు పల్లెలకు పెద్దల నోట విన్న సంగతి. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, కనీస వేతనమునకు తక్కువ యిచ్చి పనిచేయించుకొనుట రాజ్యాంగము 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే అని తీర్పునిచ్చెను. కూలివాడు ఒప్పుకొనియే వచ్చినాడు గదా అను సాకు అచట నిలువలేదు. ఆకలియే అతనిని ఒప్పించినదని న్యాయస్థానము గ్రహించెను.

ఈ తీర్పును చదువవలసినది కర్మాగారముల యజమానులు మాత్రమే గాదు. మఠములందు వంటవారు, ఊడ్చువారు, కావలివారు కలరు. లింగవంతుల ఇండ్లలో అంట్లు తోము స్త్రీలు, దుకాణములలో గుమాస్తాలు కలరు. మఠమున చేయునది సేవ గనుక జీతము కొంత తక్కువైనను పుణ్యము పూడ్చునని కొందరు చెప్పుచుందురు. సేవ చేయువాడు తన ఇష్టమున, తన కడుపు నిండిన పిదప చేయును. దినమంతయు పొయ్యివద్ద నిలిచి, ఆ జీతముమీదనే భార్యాబిడ్డలను పోషించుకొనువాడు చేయునది కాయకము. దానికి సేవ యని పేరు పెట్టి జీతము తగ్గించిన, దాసోహము చేసినది మఠము గాదు, వంటవాడు.

దాసోహమునకు వచ్చిన బియ్యమెంత, వెచ్చించినదెంత అని మఠములందు ప్రతిదినము లెక్క వ్రాయుదురు. ఆ పుస్తకములోనే వంటవాని పేర ఒక పుట తెరువవచ్చును: అతని ఇంట ఎందరు, ఇంటద్దె ఎంత, పిల్లల చదువునకు ఎంత, మందులకు ఎంత, మఠమిచ్చినది ఎంత. ఏడాదికొకసారి, బసవ జయంతి నాడు, ఆ పుటను భక్తుల యెదుట చదువవచ్చును.